పన్నెండు వోల్టులే కదా! వ్యాన్‌లో మన చేత్తో మనం కరెంటు పెట్టుకునే ముందు

“పన్నెండు వోల్టులే కదన్నా, చెయ్యి పెట్టినా షాక్ కొట్టదు, ఇంకేం టెన్షన్?” మా వ్యాన్‌లో వైరింగ్ మొదలుపెట్టిన రోజు సాయానికి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ కుర్రాడు అన్న మాట ఇది. షాక్ విషయంలో అతను చెప్పింది నిజమే. పొడి చేతులతో 12 వోల్టుల బ్యాటరీ టెర్మినళ్లు రెండూ పట్టుకున్నా ఏమీ అనిపించదు. అదే రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా ఒక స్పానర్ పడిందంటే మాత్రం నిప్పులు లేస్తాయి, స్పానర్ కాలిపోతుంది, ఆ దారిలో వేలికి ఉంగరం ఉంటే అదీ కాలుతుంది, వేలూ కాలుతుంది. షాక్ కొట్టని కరెంటు కూడా మంట పెట్టగలదు. ఇది ముందే బుర్రకెక్కి ఉంటే నేను వైరింగ్ మూడుసార్లు చేయాల్సి వచ్చేది కాదు.

మేముండేది తిరుపతిలో. సెకండ్ హ్యాండ్‌లో ఒక టాటా వింగర్ వ్యాన్ తీసుకుని, వెనక సీట్లు తీసేసి, మంచం, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, ఫ్యాను పెట్టుకున్నాం. శని, ఆదివారాలు వస్తే తలకోన, హార్స్‌లీ హిల్స్, చలికాలంలో పులికాట్ వైపు. వ్యాన్ చూసినవాళ్లంతా అడిగేవి రెండే ప్రశ్నలు, ప్యానెల్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఏది అని. కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీని చూస్తూ పెరిగిన ఊరు కాబట్టి మావైపు బ్యాటరీ గురించి మాట్లాడని మనిషి ఉండడు. ఏ వైరు వేశావు, ఫ్యూజు ఎక్కడ పెట్టావు అని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అందుకే మొదలు అక్కడి నుంచే పెడుతున్నాను.

వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేవి. చిన్నప్పుడు బళ్లో చదువుకున్నదే. ఇంట్లో 750 వాట్ల మిక్సీ తిరిగితే 230 వోల్టుల దగ్గర అది లాగేది మూడు ఆంపియర్ల పైచిలుకు. అదే మిక్సీని వ్యాన్‌లో ఇన్వర్టర్ మీద తిప్పితే, ఇన్వర్టర్ తినేసే పదో వంతు కూడా కలుపుకుని బ్యాటరీ నుంచి దాదాపు 70 ఆంపియర్లు పోతాయి. వైరు వేడెక్కేది వోల్టులను బట్టి కాదు, ఆంపియర్లను బట్టి, అది కూడా వర్గం లెక్కన: ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది, ఇరవై రెట్లు పెరిగితే వేడి నాలుగు వందల రెట్లు. ఇంట్లో అదే మిక్సీకి సన్నటి వైరు సరిపోతుంది కదా అని వ్యాన్‌లోనూ అదే వేస్తే చట్నీ అయ్యేలోపు పైన ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

నా మొదటి పొరపాటు ఇంత పెద్దది కాదు, కానీ పట్టుకోవడానికి నెలన్నర పట్టింది. మొదట్లో ఇంటి ఇన్వర్టర్‌కి వాడిన 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీనే డ్రైవర్ సీటు వెనక పెట్టి, అక్కడి నుంచి వెనక తలుపు దగ్గరున్న 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కి ఇంట్లో మిగిలిన 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగాను (ఈ అంకె రాగిని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం, అంకె పెరిగితే వైరు మందం). ఇంట్లో వెలుగుతున్న ట్యూబ్‌లైటుకి వేసేదే. పగలు బాగానే ఉండేది. తలకోనలో రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉండేది, పాలు విరిగిపోయేవి. రెండు ట్రిప్పులు ఇదే కథ. బ్యాటరీ పోయిందనుకుని షాపుకి తీసుకెళ్తే, చెక్ చేసి బ్యాటరీ శుభ్రంగా ఉందన్నారు. ఫ్రిజ్ పోయిందేమోనని ఇంట్లో అడాప్టర్ మీద పెట్టి చూస్తే రాత్రంతా నడిచింది.

చివరికి ఒకరోజు రాత్రి పదింటికి ఇంటి ముందు వ్యాన్‌లో కూర్చుని మల్టీమీటర్ పెట్టాను. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 12.2 వోల్టులు. ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర, ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు, అక్కడా 12.2. అంతా సరిగ్గానే ఉంది కదా అనుకుంటూ ఉండగా కంప్రెసర్ స్టార్ట్ అయింది. మీటర్‌లో అంకె 10.7కి పడింది. ఫ్రిజ్ టక్‌మని ఆగింది. అంకె మళ్లీ 12.2కి లేచింది. ఒక నిమిషం తర్వాత మళ్లీ అదే. బ్యాటరీని కాపాడటానికి ఫ్రిజ్‌లో ఒక కటాఫ్ ఉంటుంది, వోల్టేజీ ఒక హద్దు కిందకు పడితే అదే ఆగిపోతుంది. పాపం దానికి కనిపిస్తున్నది బ్యాటరీ వోల్టేజీ కాదు, నా వైరు మింగేయగా మిగిలిన వోల్టేజీ.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఒక మీటరు పొడవు, ఒక స్క్వేర్ ఎంఎం మందం ఉన్న రాగి వైరు నిరోధం 0.0172 ఓములు. దీన్ని మొత్తం పొడవుతో గుణించి, వైరు మందంతో భాగించి, ఆంపియర్లతో గుణిస్తే ఎన్ని వోల్టులు దారిలో పోతున్నాయో తెలుస్తుంది. మొత్తం పొడవు అంటే వెళ్లే వైరూ, తిరిగొచ్చే వైరూ రెండూ. చాలామంది ఇక్కడే సగం లెక్క వేస్తారు. నా ఫ్రిజ్‌కి వెళ్లడానికి 6 మీటర్లు, రావడానికి 6, మొత్తం 12. స్టార్ట్ అయ్యే క్షణంలో అది 9 ఆంపియర్లు లాగుతోంది. 0.0172 ఇంటూ 12, బై 1.5, ఇంటూ 9 చేస్తే 1.24 వోల్టులు. మిగతా కాస్తా ఫ్రిజ్ ప్లగ్గు పెట్టిన సిగరెట్ లైటర్ సాకెట్‌లో పోయింది. అది లోపల ఒక స్ప్రింగు మొనతో ఆనుకుని ఉంటుంది అంతే, బండి కుదుపులకు వదులవుతూ ఉంటుంది, ఫ్రిజ్ లాంటివి దాని మీద ఆధారపడకూడదు. అదే దూరానికి 6 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, సాకెట్ తీసేసి నేరుగా స్క్రూతో బిగించే కనెక్టర్ పెడితే పడిపోయేది 0.31 వోల్టులకు తగ్గింది. పాలు విరగడం ఆ రోజుతో ఆగిపోయింది. 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు కానీ 12లో ఒక వోల్టు పోవడమంటే పన్నెండో వంతు పోయినట్టు. ఎక్కడైనా 3 శాతం కంటే ఎక్కువ పడకుండా చూసుకుంటే చాలు, అంటే 0.36 వోల్టులు.

వైరు కొనేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. పైకి రాగిలా కనిపిస్తూ లోపల అల్యూమినియం ఉండే వైర్లు మార్కెట్లో తిరుగుతున్నాయి, రాగి పూత వేసినవి. చాకుతో ఒక పోగుని గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. చేత్తో పట్టుకున్నా తేడా తెలుస్తుంది, అదే సైజు అసలు రాగి కాయిల్‌తో పోలిస్తే తేలిగ్గా ఉంటుంది. అలాంటి వైరు కరెంటుని తక్కువ మోస్తుంది, బిగించిన చోట వదులవుతుంది. ఇంకొకటి, ఒకే తీగ ఉండే గట్టి వైరు గోడల్లో పనికొస్తుంది కానీ కదిలే బండికి పనికిరాదు, ఘాట్ రోడ్డు కుదుపులకు కొన్నాళ్లకు లోపలే విరుగుతుంది, బయటికి ఏమీ కనిపించదు. సన్నటి పోగులు ఎక్కువగా ఉండే మెత్తటి వైరే తీసుకోవాలి.

సరే, మంచి వైరు వేశారు. మంటలు ఎక్కువగా పుట్టేది వైరు మధ్యలో కాదు, కొసల్లో. వైరు కొసని బోల్టుకి బిగించడానికి తొడిగే రంధ్రం ఉన్న లోహపు ముక్కని లగ్గు అంటారు. మా ఇన్వర్టర్‌కి మొదటిసారి వేసిన లగ్గును నేను ఇప్పటికీ టూల్ బాక్సులో దాచుకున్నాను. మందపాటి వైరు కొసకు రాగి లగ్గు తొడిగి, దాన్ని వైరు మీద గట్టిగా నొక్కే క్రింపింగ్ టూల్ లేక సుత్తితో కొట్టి నొక్కాం. చూడ్డానికి గట్టిగానే ఉంది, లాగితే రాలేదు. పది రోజుల తర్వాత మిక్సీ తిప్పుతుంటే ఏదో కాలిన వాసన. సీటు కింద పలక ఎత్తి చూస్తే లగ్గు మీది నల్ల స్లీవు గోధుమరంగుకి తిరిగి, అప్పడంలా పొక్కింది, లోపల రాగి పోగులు నీలం, ఊదారంగు కమిలి ఉన్నాయి. సుత్తి దెబ్బకి పైన చదును అయింది కానీ లోపల పోగుల మధ్య గాలి మిగిలిపోయింది. అలాంటి జాయింట్‌లో నిరోధం ఓములో నూరో వంతు ఉందనుకుందాం. మామూలు మీటర్‌కి అది కనిపించను కూడా కనిపించదు. కానీ 90 ఆంపియర్లు పోతే ఆ ఒక్క చోట పుట్టే వేడి 81 వాట్లు. రేడియో రిపేరు షాపులో వాడే సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అలాంటివి మూడు తెచ్చి ఒకే లగ్గుకి ఆనించి పెట్టినట్టు లెక్క.

కాబట్టి పెద్ద వైర్లకు హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ కొనండి, లేదా మోటారు వైండింగ్ షాపుల్లోనో ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ల దగ్గరో నొక్కించుకోండి, లగ్గుకి ఇంతని ఇస్తే చేసిస్తారు. చిన్న వైర్లకు కూడా మెలేసి టేపు చుట్టడం వద్దు. మే నెలలో మూసి ఉంచిన బండిలో టేపు జిగురు కారిపోయి, జూన్‌కి దానంతటదే ఊడివస్తుంది.

ఇక ఫ్యూజు. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్‌ని కాపాడటానికో, ఇన్వర్టర్‌ని కాపాడటానికో అనుకుంటారు. అది కాపాడేది వైరుని. పాజిటివ్ వైరు ఎక్కడో రేకు అంచుకి ఒరుసుకుని తోలు పోయి బాడీకి తగిలిందనుకోండి, వ్యాన్ బాడీ మొత్తం నెగెటివ్ కాబట్టి అది నేరుగా షార్ట్. అప్పుడు బ్యాటరీ వందల, వేల ఆంపియర్లు వదులుతుంది, దారిలో ఉన్న వైరు పొడవునా ఎర్రబడుతుంది, పక్కనే ఫోము, ప్లైవుడ్, పరుపు. ఫ్యూజు ఉంటే ఆ వైరు కంటే ముందు అది పోతుంది. అందుకే ఫ్యూజు రేటింగు ఆ వైరు మోయగలిగినదాని కంటే తక్కువ ఉండాలి, సామాను లాగేదాని కంటే కాస్త ఎక్కువ ఉండాలి. మా ఎండలకు, వైర్లు గుత్తిగా పైపుల్లో పోతాయి కాబట్టి నేను కాస్త వెనక్కి తగ్గే పెట్టుకున్నాను: 1.5 వైరుకి 10 ఆంపియర్లు, 2.5కి 15, 4కి 20, 6కి 30. వెయ్యి వాట్ల ఇన్వర్టర్‌కి 35 స్క్వేర్ ఎంఎం వైరు, 125 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి ఇన్వర్టర్‌కి మధ్య దూరం మీటరున్నర దాటకుండా. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం మనకు బాగా అలవాటు. అలా వేసిన క్షణం నుంచి ఆ వైరే ఫ్యూజు అయి కూర్చుంటుంది.

ఎక్కడ పెట్టాలి అన్నది కూడా అంతే ముఖ్యం. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి, పడవల వైరింగ్‌లో 18 సెంటీమీటర్లు అని నియమం పెట్టుకున్నారు, వ్యాన్‌కీ అదే మంచిది. బ్యాటరీకి ఫ్యూజుకి మధ్య ఉన్న ముక్కని కాపాడేది ఏదీ లేదు కదా, అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. లిథియం బ్యాటరీ అయితే ఇంకో జాగ్రత్త. దాని లోపలి నిరోధం చాలా తక్కువ, షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. మామూలు ఫ్యూజు కరిగిపోయినా, ఆ ఖాళీలో నిప్పు ఆర్క్‌లా సాగుతూనే ఉండొచ్చు. క్లాస్ టి అనే రకం ఫ్యూజు లోపల ఆర్క్‌ని ఆర్పే పదార్థం నింపి ఉంటుంది, 20 వేల ఆంపియర్ల షార్ట్‌ని కూడా తెంపగలదు. ధర ఎక్కువే. లిథియం పెట్టేవాళ్లు బ్యాటరీ మీద అంత ఖర్చు పెట్టి ఇక్కడ వెనకాడొద్దని గట్టిగా చెబుతాను. కారు ఆడియో షాపుల్లో బంగారు రంగులో మెరిసే చవక ఫ్యూజులు దీనికి బదులు కావు.

ఇంట్లో వాడే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, తెచ్చి బ్యాటరీకి పెట్టేవాళ్లనీ చూశాను. ఇంటి కరెంటు ఏసీ, సెకనుకి వంద సార్లు సున్నా అవుతుంది, కాబట్టి స్విచ్ తెరుచుకున్నప్పుడు పుట్టిన ఆర్క్ ఆ సున్నా దగ్గర దానంతటదే ఆరిపోతుంది. బ్యాటరీ, సోలార్ కరెంటు డీసీ, దానికి సున్నా అనేదే లేదు, ఆర్క్ అలాగే సాగి ఎంసీబీ లోపల కరిగించేస్తుంది. డీసీ అని రాసి ఉన్న ఎంసీబీనే అడిగి తీసుకోండి, దాని మీద ప్లస్, మైనస్ గుర్తులుంటే అవి ఎటు కలపాలో కూడా చూడండి.

వైరు, లగ్గు, ఫ్యూజు ఈ మూడూ అర్థమయ్యాక బ్యాటరీ ఎంత, ప్యానెల్ ఎంత అన్నది తేలిక. కరెంటు బిల్లులో యూనిట్ ఉంటుంది కదా, వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్, వ్యాన్ లెక్కా అందులోనే వేసుకోండి. మా ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు, మన ఎండల్లో రోజులో సగం సేపు నడుస్తుంది, అంటే అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ. 20 వాట్ల ఫ్యాను పది గంటలు, లైట్లు, ఫోన్లు, ఒక లాప్‌టాప్, నీళ్ల మోటారు, పొద్దున పది నిమిషాలు మిక్సీ, అన్నీ కలిపితే రోజుకి 1.1 యూనిట్లు. వంట గ్యాస్ మీదే. ఇండక్షన్ స్టవ్, గీజర్, ఇంటి ఏసీ లాంటివి ఈ లెక్కలోకి తెస్తే అంతా మూడు రెట్లు పెరుగుతుంది, చిన్న వ్యాన్‌కి నేనైతే వద్దంటాను.

వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1.28 యూనిట్లు పడతాయి, అందులో ఎనభై, తొంభై శాతం నిక్షేపంగా వాడుకోవచ్చు. దీని బరువు పది, పదమూడు కిలోలు. 150 ట్యూబులర్‌లో కాగితం మీద 1.8 యూనిట్లు ఉన్నా, బ్యాటరీ నాలుగు కాలాలు ఉండాలంటే సగమే వాడాలి, అంటే 0.9. బరువు 50 కిలోలు దాటుతుంది. పైగా అది ఇంట్లో ఒక మూల కదలకుండా కూర్చోవడానికి చేసినది, మలుపుల్లో యాసిడ్ తొణుకుతుంది, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మనం పడుకునే చోట అది ఉండకూడదు. నేను ఏడాది తర్వాత లిథియంకి మారాను. ఏది పెట్టినా ఇనుప ఫ్రేములో బోల్టులతో బిగించాల్సిందే. సడన్ బ్రేక్ కొడితే యాభై కిలోల బ్యాటరీ ఎటు పోతుందో ఒకసారి ఊహించుకోండి.

విదేశీ వీడియోల్లో లిథియం బ్యాటరీ కింద హీటర్ ప్యాడ్ పెట్టమని చెబుతారు, సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు కాబట్టి. మనకు ఆ బాధ లేదు. మన సమస్య దానికి సరిగ్గా తలకిందులు. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో అద్దాలు ఎక్కించి ఎండలో నిలిపిన వ్యాన్‌లో లోపలి వేడి బయటి వేడి కంటే ఎంతో ఎక్కువ. లిథియం బ్యాటరీలో ఉండే బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ వేడి మీరితే ఛార్జింగ్ ఆపేస్తుంది, లెడ్ యాసిడ్‌కి అలాంటి కాపలా లేదు, దాని ఆయుష్షు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ సగానికి పడిపోతుందని లెక్క. బ్యాటరీని నేల దగ్గర, సైలెన్సర్ వైపు కాకుండా, గాలి ఆడేలా పెట్టండి. కిటికీ పక్కన అస్సలు వద్దు.

ప్యానెల్‌కీ ఇదే వేడి దెబ్బ. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. వ్యాన్ టాపు మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఆరేడో వంతు అక్కడే పోతుంది. అందుకే టాపుకి అతికించకుండా రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఫ్రేము మీద పెట్టాలి, కింద గాలి పోతుంది. మా 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి ముప్పావు యూనిట్‌కి కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. తలకోనలో అయితే అందులో సగం కూడా రాదు, అక్కడ బండి పెట్టేదే చెట్ల కింద. ప్యానెల్ మీద ఒక మూల కొమ్మ నీడ పడినా మూడో వంతు పడిపోతుంది, ఎందుకంటే లోపల సెల్స్ అన్నీ ఒక దండలా కట్టి ఉంటాయి, నీడ పడిన వరసని డయోడ్ పక్కకు తప్పించేస్తుంది. ఛార్జ్ కంట్రోలర్ మాత్రం ఎంపీపీటీదే తీసుకోండి. మామూలుది ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి కిందకు గుంజేసి మిగతాది వదిలేస్తుంది, ఎంపీపీటీ ఆ ఎక్కువ వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

అడవిలో ఎండ దొరకదు కాబట్టి మాకు అసలు ఆధారం ఇంజన్. మన మెకానిక్‌లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ నుంచి ఛార్జింగ్. ఇక్కడ చాలామంది చేసేది బండి బ్యాటరీకి, వెనక మన సామానుకి పెట్టిన బ్యాటరీకి మధ్య ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి నేరుగా కలిపేయడం. లెడ్ యాసిడ్‌కి అది ఏదోలా నడుస్తుంది. లిథియం మాత్రం ఎంతిస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ తన శక్తికి మించి గంటల తరబడి పనిచేసి వేడెక్కుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు నెమ్మదిగా పోతూ గాలి తక్కువ తగిలే సమయంలో మరీను. అంత లాగుతున్న బ్యాటరీని బీఎంఎస్ ఒక్కసారిగా కట్ చేస్తే వోల్టేజీ ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లు పోయే ప్రమాదం కూడా ఉంది. పైగా ఈమధ్య బీఎస్-6 బండ్లలో డీజిల్ ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని బండే తగ్గించేసుకుంటూ ఉంటుంది, 14 వోల్టుల పైన కావాల్సిన లిథియం బ్యాటరీ దాంతో నిండదు. ఈ చిక్కులన్నిటికీ ఒకటే జవాబు, డీసీ టు డీసీ ఛార్జర్. ఇటు ఎంత వోల్టేజీ వచ్చినా అటు సరైన వోల్టేజీ, సెట్ చేసినన్ని ఆంపియర్లే ఇస్తుంది, ఇంజన్ ఆగితే ఆగిపోతుంది, కాబట్టి ఫ్రిజ్ కోసం బండి బ్యాటరీ డౌన్ అయి పొద్దున తోసుకోవాల్సిన పని ఉండదు. మాది 20 ఆంపియర్లది, గంటకి పావు యూనిట్ పైన నింపుతుంది. తలకోన చేరేసరికి గంటన్నర ప్రయాణంలో 0.4 యూనిట్లు. రాత్రికి ఫ్రిజ్, ఫ్యాను దాంతోనే గడిచిపోతాయి. దీనికి రెండు వైపులా బ్యాటరీలు ఉంటాయి కాబట్టి వైరు రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి, ఒకవైపే పెట్టి ఊరుకోవద్దు.

ఇన్వర్టర్ గురించి క్లుప్తంగా. ఇంటి కరెంటు లాంటి నున్నటి అలనే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్‌దే కొనండి. ఏమీ వాడకపోయినా అది పది, పదిహేను వాట్లు తింటుంది, రాత్రంతా వదిలేస్తే ఒక ఫ్యానుకి సరిపడా పోతుంది, అందుకే మిక్సీ అయిపోగానే ఆపేయాలి.

కానీ ఇన్వర్టర్ నుంచి బయటికొచ్చేది 230 వోల్టులు. ఇక్కడి నుంచి షాక్ కూడా మొదలవుతుంది, అది కూడా ఇనుప డబ్బాలో కూర్చుని ఉన్న మనకు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. అది ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా అని చూస్తుంది, తేడా వస్తే తెంపేస్తుంది. అయితే చాలా ఇన్వర్టర్లలో అవుట్‌పుట్ న్యూట్రల్ దేనికీ కలిసి ఉండదు. మిక్సీ బాడీకి ఫేజు లీకైనా ఆ కరెంటు తిరిగి వెళ్లడానికి దారి లేదు కాబట్టి తేడా కనిపించదు, ఆర్‌సీసీబీ ఊరుకుంటుంది, రెండో లీకు ఎక్కడైనా జరిగిన రోజు మనమే ఆ దారి అవుతాం. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు న్యూట్రల్‌ని వ్యాన్ బాడీకి ఒకే ఒక చోట కలపాలి, బయటి కరెంటు ప్లగ్గు పెట్టినప్పుడు ఆ కలయిక విడిపోవాలి. కొన్ని ఇన్వర్టర్లు ఇది అవే చేసుకుంటాయి, కొన్నిటికి చేయకూడదు, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్‌మని పడింది కదా, ఎర్త్ బాగుందన్నమాట అనుకోకండి. ఆ బటన్ తనలో తాను ఒక తేడా సృష్టించుకుని పడిపోతుంది, ఎర్త్ వైరు అసలు లేకపోయినా పడుతుంది. ఇన్వర్టర్ కరెంటు, బయటి కరెంటు రెండూ ఎప్పుడూ ఒకేసారి కలవకుండా మధ్యలో ఛేంజోవర్ స్విచ్ ఉండాలి. వ్యాన్ మొత్తంలో నా చేత్తో నేను చేయనిది ఈ 230 వోల్టుల భాగం ఒక్కటే. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, వైరు తోలు లీకవుతోందేమో చూసే మెగ్గర్ అనే మీటర్‌తో కొలిపించి, పక్కనే నిలబడి చూశాను. మీరూ అలాగే చేయండి.

నెగెటివ్‌కి బాడీనే వాడేస్తే సగం వైరు మిగులుతుంది కదా అని మెకానిక్‌లు అంటారు. బండి వైరింగ్ అలాగే ఉంటుంది కూడా. మన సామానుకి మాత్రం ప్రతిదానికీ విడిగా నెగెటివ్ వైరు బస్‌బార్ (వైర్లన్నీ ఒకచోట బిగించే లోహపు పట్టీ) దాకా తెచ్చుకుని, బస్‌బార్ నుంచి బాడీకి ఒక్క మందపాటి వైరు కలపడం మేలు. రేకుకి బోల్టు వేసిన చోట పెయింటు గీకకపోతే కాంటాక్ట్ ఉండదు, గీకితే ఒక వానాకాలానికి తుప్పు పడుతుంది. వైరు రేకులోంచి దూరే ప్రతి రంధ్రానికీ గ్రోమెట్ అనే రబ్బరు రింగు వేయండి. పది రూపాయల వస్తువు. అది లేకపోతే రేకు అంచు రోజూ ప్రయాణంలో చాకులా గీకుతూనే ఉంటుంది.

సీట్లు తీసేయడం, లోపల మార్పులు చేయడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తాయి, ఆర్‌సీలో రాసినదానికీ బండికీ తేడా రాకూడదు. పని మొదలుపెట్టే ముందే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి కాగితం మీద తెచ్చుకోండి, అయిపోయాక పోతే కష్టం.

అంతా బిగించాక సామాను లోపల పెట్టి పలకలు మూసేయకుండా, మొదటి వంద కిలోమీటర్లు తెరిచే ఉంచి తిప్పండి. మేము చంద్రగిరి, పాకాల మీదుగా కాణిపాకం వెళ్లి వచ్చాం. ఇంటికి రాగానే మిక్సీ పెట్టి, రెండు నిమిషాలు గట్టిగా తిప్పి, ఆపి, మెయిన్ స్విచ్ కట్ చేసి, ఒక్కో లగ్గునీ వేలితో ముట్టుకుంటూ పోయాను. అన్నీ గోరువెచ్చగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం చురుక్కుమంది. ఫ్యూజు హోల్డర్‌కి రెండో వైపు నట్టు. స్పానర్ పెడితే ముప్పావు తిప్పు తిరిగింది. మళ్లీ మిక్సీ తిప్పి ముట్టుకున్నాను. ఈసారి మిగతావాటిలాగే ఉంది. దాని మీద ఎర్ర మార్కర్‌తో నట్టుకీ బోల్టుకీ కలిపి ఒక గీత గీశాను, వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకి ముందు టార్చి వేసి ఆ గీతలు చూశాకే మా ఆవిడ పాలప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెడుతుంది.